లింబాద్రన్న కొయ్యని గుడ్డ

క్యాంపు చరిత్ర రాయమని నాకు చెప్పారండి. నేనేమో మగ నర్సుని. సూది వెయ్యమంటే వేస్తాను, బీపీ చూడమంటే చూస్తాను, ఎండదెబ్బకి పడిపోయినవాడి నోట్లో ఓఆర్ఎస్ పొయ్యమంటే పోస్తాను. చరిత్ర రాయడం నా డ్యూటీ కాగితంలో ఎక్కడా లేదు. "నీకు ఇంగ్లీషు వచ్చు కదా, పదేళ్ళనుంచీ ఇక్కడే ఉన్నావు కదా" అని కెప్టెన్ ఖల్ఫాన్ అంతటివాడు అడిగితే కాదనే దమ్ము మాత్రం నాకు లేదు. రెండు పేజీలు రాశాను. దాన్ని అరబిక్‌లోకి తిప్పించి, అద్దం బిగించి, ఆఫీసు వరండాలో తగిలించారు. క్యాంపు ఎప్పుడు మొదలైంది, ఎన్ని బ్యాచ్‌లు వెళ్ళాయి, ఏ కమాండరు ఏ సంవత్సరం, అన్నీ ఉన్నాయి. ఒక్క లింబాద్రన్న లేడు. నేను రాశానండీ! తర్జుమా చేసినాయన కొట్టేశాడు. "దర్జీకి ఒక పేరా ఎందుకు?" అన్నాడట. నాకు ఒళ్ళు మండింది. అందుకే మళ్ళీ రాస్తున్నాను. ఈసారి తెలుగులో రాస్తున్నాను కాబట్టి ఆయన చెయ్యి దీని దాకా రాదు.

నా పేరు కృపానందం, మాది రాజోలు దగ్గర. ఉండేది ఈ అరబ్బుల దేశంలో, బనియాస్‌ అనే ఊళ్ళో. తెల్లారకముందే కంపెనీ బస్సెక్కితే యాభై నిమిషాలకి ఇసకలో క్యాంపు గేటు కనపడుతుంది. ఈ దేశపు కుర్రాళ్ళు చదువైపోగానే కొన్నాళ్ళు సైన్యంలో శిక్షణ తీసుకుని తీరాలని 2014లో చట్టం వచ్చింది కదా, ఆ ఏడే మా క్యాంపు తెరిచారు. మొదటిరోజు బస్సులో నా పక్కసీట్లో కూర్చున్న మనిషి లింబాద్రన్న. సన్నగా, పొడుగ్గా, మెళ్ళో టేపు వేలాడేసుకుని కూర్చున్నాడు.

"ఏమన్నా, ఇంకా పనే మొదలవలేదు, టేపు వేసుకునొచ్చేశావేంటి?" అన్నాను, కలుపుగోలుగా ఉందామని.

"నువ్వు సూది జేబుల పెట్టుకొని రాలేదా తమ్మీ?" అన్నాడు, కిటికీలోంచి మొహం తిప్పకుండానే.

నిజంగానే నా జేబులో రెండు సిరంజీలున్నాయి. అలా మొదలైందండి మా స్నేహం. స్నేహమంటే రోజూ పోట్లాట. ఆయన నా మాటని "గోదారోళ్ళ సాగదీత" అంటాడు. నేను ఆయన మాటని ఏమన్నా అంటే ఆ రోజు నా ప్యాంటుకి గుండీ కుట్టడు.

లింబాద్రన్నది భీంగల్ పక్కన పల్లె. కుట్టుపని వాళ్ళింట్లో తాతల నాటిది. షార్జాలో గార్మెంటు ఫ్యాక్టరీలో ఏడేళ్ళు, డేరా బజారులో కందూరాలనే అరబ్బుల పొడుగు అంగీలు కుట్టే కొట్లో పదకొండేళ్ళు చేసి, బట్టలు సప్లై చేసే కంపెనీ తరఫున ఇక్కడికొచ్చాడు. స్టోరు పక్కన డబ్బా లాంటి ఒక పోర్టా క్యాబిన్ గది ఇచ్చారు. అందులో ఒక మిషను, ఒక ఇస్త్రీపెట్టె, నాకు తెలిసి ఒక్కరోజు కూడా సరిగ్గా పనిచెయ్యని ఏసీ.

ఇక ఆ మొదటి బ్యాచ్ వచ్చిన రోజు చూడాలండి. పెద్ద పెద్ద కార్లు గేటు ముందు బారులు తీరాయి. ఒక్కో పిల్లాడితో తల్లి, తండ్రి, అన్నదమ్ములు, సూట్‌కేసు మోసే పనిమనిషి. ఒకడు దిండు తెచ్చుకున్నాడు. ఒకడు అత్తరు సీసాలే ఆరు తెచ్చుకున్నాడు. సార్జెంటు ఒక్క అరుపు అరిచేసరికి దిండ్లూ అత్తర్లూ అన్నీ కార్లలోకి వెనక్కి వెళ్ళిపోయాయి. అక్కణ్ణుంచి వరస: నా దగ్గర బరువు, మంగలి దగ్గర గుండు, లింబాద్రన్న దగ్గర కొలత. గుండుతో, కళ్ళల్లో నీళ్ళతో ఆయన క్యాబిన్‌లోకి వచ్చేవాళ్ళు. ఆయన వాళ్ళ నడుం చుట్టూ టేపు వేసి "యల్లా, ఊపిరి విడువు, పొట్ట లోపటికి గుంజకు, నా దగ్గర దాస్తే ఏమొస్తది" అని హిందీలో కసిరేవాడు.

పదహారు వారాల శిక్షణ. మూడో వారంనుంచే ప్యాంట్లు జారడం మొదలు. ఒకడైతే పరేడ్‌లో కుడిచేత్తో సెల్యూట్ కొడుతూ ఎడంచేత్తో ప్యాంటు పట్టుకుని నిలబడ్డాడు. సార్జెంటు వాణ్ణి నేరుగా లింబాద్రన్న దగ్గరికి తరిమాడు. ఇక రోజూ క్యాబిన్ ముందు చాంతాడంత వరస. నలభై రెండు నడుంవాడు ముప్పై ఎనిమిదికి, ముప్పై ఎనిమిది ముప్పై నాలుగుకి.

ఇక్కడే ఉంది అసలు సంగతి. లింబాద్రన్న ప్యాంటు బిగించేవాడే గానీ గుడ్డ కోసేవాడు కాదు. మిగిలిన గుడ్డంతా వెనక కుట్టులోకి, పక్క కుట్టుల్లోకి మడిచి, లోపల పరిచి, పైనుంచి కుట్టేసేవాడు. వాళ్ళ ఊళ్ళో అంతేనట. ఒక లాగు కుట్టించుకున్నాడంటే వాడు బలిసినా చిక్కినా అదే తొడగాలి, అందుకని గుడ్డ లోపల ఉంచుతారు. కంపెనీ సూపర్‌వైజరు షాహబాజ్‌కి ఇది చూస్తే కడుపు మండిపోయేది. పెషావర్‌వాడు, మనిషి మంచివాడే, నోరే చెడ్డది.

"కాట్ దో యార్! కోసి పారెయ్, టైమ్ వేస్ట్! ఇది నీ గావ్ కాదు, ఆర్మీ!"

"నై కాటుతా. ఆద్మీ ఫిర్ మోటా హోతా," అనేవాడు లింబాద్రన్న. మనిషి మళ్ళీ లావెక్కుతాడని.

"లావెక్కితే కొత్తది ఇస్తారు!"

"ఇయ్యకుంటే?"

ఈ "ఇయ్యకుంటే" దగ్గర షాహబాజ్ చేతులెత్తేసి వెళ్ళిపోయేవాడు. పదేళ్ళు ఇదే గొడవ, నేను చెవులారా విన్నాను.

ఇంకోటుంది, అది గొడవ కాదు, గండం. ఆ మొదటి బ్యాచ్ నలభై మందిలో పదకొండుమంది మొహమ్మద్‌లు, ఏడుగురు అహ్మద్‌లు. నంబరు రాస్తే రెండు ఉతుకులకి మాసిపోతోంది. అరబిక్ లింబాద్రన్నకి రాదు. ఏ ప్యాంటు ఎవడిదో తెలియాలి కదా? అందుకని నడుం పట్టీ లోపలివైపు, చెరగని నల్లసిరాతో, తెలుగులో, తనకి గుర్తుండే పేరు ఒకటి రాసేవాడు. ఏం పేర్లండీ అవి! ప్రతిదానికీ ఏడ్చేవాడు ఉల్లిగడ్డ. పక్కకి పక్కకి నడిచేవాడు ఎండ్రకాయ. ఆరు అత్తరు సీసాలవాడు సెంటుబుడ్డి. నిద్రమొకం, కోడిపుంజు, తొండ. ఈ సంగతి నాకు 2020లో గానీ తెలియలేదు. కోవిడ్ వచ్చి క్యాంపు గేట్లు మూసేసి మమ్మల్ని రెండు నెలలు లోపలే ఉంచేశారు. మాస్కులు కుట్టడానికి గుడ్డ వెతుకుదామని ఇద్దరం స్టోర్‌లోకి వెళ్ళాం. శిక్షణ అయిపోయాక ప్రతివాడి యూనిఫాం ఒక సంచీలో పెట్టి, పేరు స్టిక్కరు అతికించి అక్కడే ఉంచుతారు. ఎప్పుడైనా మళ్ళీ పిలిస్తే వచ్చి తొడుక్కోవాలి. ఒక సంచీ జారి పడి ప్యాంటు తిరగబడింది. లోపల చూస్తే "గుమ్మడికాయ 42".

గబుక్కున ఆ ప్యాంటు మడిచేశాను. "అన్నా! ఇది వీళ్ళ దేశం. వీళ్ళు పౌరులు. వాళ్ళ మిలిటరీ యూనిఫాం మీద ఇలా రాశావని తెలిస్తే నిన్ను ఆ పూటే విమానం ఎక్కిస్తారు!"

ఆయన నవ్వాడు. "ఎవడు సదువుతడు తమ్మీ? ఈ క్యాంపుల తెలుగు అచ్చినోడివి నువ్వొక్కనివే. నువ్వు చెప్తవా?"

చెప్పను కదా. ఆ రాత్రి ఎందుకో అనుమానమొచ్చి నా తెల్లప్యాంటు తిరగేసి చూసుకున్నాను. దాన్ని బిగించిందీ ఆయనే. "లొల్లి 34" అని ఉంది. వారంరోజులు ఆయనతో మాట్లాడలేదు.

ఇక 2024 అక్టోబరుకి వస్తాను. ఒకరోజు మధ్యాహ్నం షాహబాజ్ కాగితం పట్టుకొచ్చాడు. ఎప్పుడూ అరుస్తూ వచ్చేవాడు, ఆ రోజు మెల్లగా వచ్చాడు. కొత్త యూనిఫాంలు రెడీమేడ్‌గా వస్తున్నాయట, నడుముకి రెండువైపులా రబ్బరు. లావెక్కినా సన్నబడినా అదే సాగుతుంది, అదే ముడుచుకుంటుంది. టైలరు అక్కర్లేదు. నవంబరు ముప్పై ఆఖరి రోజు. ఖలాస్.

లింబాద్రన్న ఆ కొత్త ప్యాంటు ఒకటి చేతిలోకి తీసుకుని నడుం దగ్గర సాగదీశాడు. వదిలాడు. టప్పుమంది. మళ్ళీ సాగదీశాడు, మళ్ళీ వదిలాడు. ఆ పూట అన్నం తినలేదు. బస్సులో మాత్రం నా భుజం తట్టి అన్నాడు: "తమ్మీ, అరవై ఒక్కేండ్లు అచ్చినయ్. పొమ్మంటే పోత, దాన్కి బాధ లేదు. కానీ నన్ను రబ్బరు కొట్టింది సూడు. ఇరవై ఎనిమిదేండ్లు ఈ దేశంల కుట్టిన, ఆఖరికి రబ్బరు అచ్చి నువ్వు అక్కెరలేదని పంపుతది. గట్ల పోవుడు నాకొద్దు."

ఇంటికి ఫోన్ చేశాడు. స్పీకర్లోనే మాట్లాడతాడు, బస్సు మొత్తం వింటుంది. ఆయన భార్య కిష్టవ్వక్క అవతలనుంచి "అయితే రా! నీకు పనిలేదన్న బెంగెందుకు, నేను సూపిస్త. కోళ్ళగూడు పడిపోయి ఏడాదాయె" అంది. బస్సు నవ్వింది. ఆయన నవ్వలేదు. అప్పుడు నాకు భయమేసిందండి. నాతో పోట్లాడేవాడు లేకపోతే ఈ ఇసకలో నేను ఎవరితో మాట్లాడాలి?

అదే నెలలో పైనుంచి ఆర్డరు వచ్చింది. క్యాంపుకి పదేళ్ళు నిండుతున్నాయి. మొదటి బ్యాచ్‌వాళ్ళు నలభై మందినీ వారం రోజులు వెనక్కి పిలవాలి. నవంబరు ఇరవై ఎనిమిదిన పరేడ్, ఎవరో పెద్దాయన వస్తారు. పదేళ్ళ కిందటి ఫొటో ఉంది కదా, సరిగ్గా అలాగే, అదే చోట, అదే యూనిఫాంలో నిలబెట్టి మళ్ళీ ఫొటో తియ్యాలి. ఈ బాధ్యతంతా కెప్టెన్ ఖల్ఫాన్‌ది. ఆయన కూడా ఆ మొదటి బ్యాచ్ కుర్రాడే. శిక్షణ అయ్యాక సైన్యంలోనే ఉండిపోయి ఇప్పుడు కెప్టెనై వచ్చాడు. ఫొటోలో ఆయనా నిలబడాలి.

వచ్చారండి పౌరసైనికులు. బ్యాంకు మేనేజర్లు, మున్సిపాలిటీ ఆఫీసర్లు, ఒకాయనకి నలుగురు పిల్లలు. నా కాంటా ఎక్కితే కాంటా మూలిగింది. నలభై మందిలో పదేళ్ళ కిందటి బరువున్నవాడు ఒక్కడే, వాడికి షుగరు.

పరేడ్ రేపనగా స్టోరు తెరిచారు. ఏదో వేసవిలో స్టోరు ఏసీ కట్టేసినట్టున్నారు, ఆ వేడికి జిగురు కరిగి స్టిక్కర్లన్నీ రాలి కింద కుప్పగా పడున్నాయి. ఏ సంచీ ఎవడిదో దేవుడికి తెలియాలి. దొరికినవాడు దొరికినది లాక్కుని తొడగబోతే ఎవడికీ మోకాలు దాటి పైకి రావట్లేదు. ఒక బ్యాంకు మేనేజరు రెండు కాళ్ళూ ఒకే కాలులో పెట్టి పడ్డాడు, నేను ఐసు పెట్టాల్సొచ్చింది. కెప్టెన్ ఖల్ఫాన్ మొహాన చెమటలు కారుతున్నాయి.

"కొత్తవి తెప్పిస్తాను సర్, రబ్బరువి!" అన్నాడు షాహబాజ్.

"కొత్తవాటి రంగు వేరు, చుక్కలు వేరు! పాతది కావాలి!" అని అరిచాడు కెప్టెన్. పాత గుడ్డ నేయడమే ఆపేసి రెండేళ్ళయిందట.

అప్పుడు లింబాద్రన్న క్యాబిన్‌లోంచి బయటికొచ్చాడు. మెళ్ళో టేపు, చేతిలో బ్లేడు. ఎవరినీ ఏమీ అడగలేదు. కింద పడున్న ఒక ప్యాంటు తీశాడు, తిరగేశాడు, నడుం పట్టీలో చూశాడు, తలెత్తి ఆ గడ్డాల గుంపులోకి కళ్ళు చికిలించాడు. "ఓ ఎండ్రకాయ, ఇటు రా" అన్నాడు తెలుగులో, వేలితో పిలుస్తూ. వచ్చినాయన గడ్డం, కళ్ళద్దాలు, బొజ్జ, ఏదీ పాతది కాదు, నడక తప్ప. పక్కకి పక్కకే నడిచొచ్చాడు! లింబాద్రన్న వెనక కుట్టు మీద బ్లేడు పెట్టి సర్రున విప్పాడు. లోపల్నుంచి నాలుగంగుళాల గుడ్డ బయటికొచ్చింది. పక్క కుట్లు విప్పాడు, ఇంకో నాలుగు. నడుముకి చుట్టాడు. సరిపోయింది.

నలభై మందీ నోళ్ళు తెరిచి చూశారు. షాహబాజ్ అయితే కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు.

పొద్దుటినుంచి సాయంత్రం దాకా మిషను ఆగలేదు. నేను క్లినిక్ మూసేసి కుట్లు విప్పడానికి కూర్చున్నాను. అంతా సవ్యంగా జరుగుతుంటే కెప్టెన్ ఖల్ఫాన్‌కి ఊరికే ఉండొచ్చు కదా? ఉండలేదు. "ఏ ప్యాంటు ఎవరిదో ఈయనకి ఎలా తెలుస్తోంది?" అని వంగి పట్టీలోపల చూశాడు. "ఇదేం రాత?"

"మా తెలుగు, సర్," అన్నాను.

"ఏం రాసుంది?"

ఆయన చేతిలో ఉన్నది ఉల్లిగడ్డ. ఆ ఉల్లిగడ్డ నా ఎదురుగా నిలబడి ఉన్నాడు, ఇప్పుడు మున్సిపాలిటీలో ఇన్‌స్పెక్టరు. లింబాద్రన్న మిషను ఆగింది. మూడు రోజుల్లో మర్యాదగా వెళ్ళాల్సిన మనిషి, ఈ పూటే పోలీసు జీపెక్కి వెళ్ళేలా ఉన్నాడు. ప్రభువా క్షమించు అనుకుని, "సింహం సర్" అన్నాను.

అరబిక్‌లో సింహాన్ని అసద్ అంటారు. అసద్! అసద్! అని అంతా చప్పట్లు కొట్టారు. ఇన్‌స్పెక్టరు ఛాతీ విరిచాడు. ఇక ఆగుతారా? ప్రతివాడూ ప్యాంటు పట్టుకుని నా దగ్గరికే. నాదేం రాసుంది, నాదేం రాసుంది? తొండ? సింహం. నిద్రమొకం? సింహం. సెంటుబుడ్డి? సింహమే. ఇంకో జంతువు పేరు గుర్తొస్తే ఒట్టు. అలా పదకొండు సింహాలయ్యాక కెప్టెన్ రెండు ప్యాంట్లు పక్కపక్కన పెట్టి చూశాడు.

"రెండూ సింహమే అయితే రాత వేరుగా ఉందేం? ఇది చిన్నగా ఉంది, ఇది పొడుగ్గా ఉంది."

"ఇది చిన్న సింహం సర్. అది పొడుగు సింహం," అన్నాను. ఇప్పటికీ ఆ జవాబు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

కెప్టెన్ నా మొహంలోకి చూశాడు. అటుగా వంటశాలనుంచి భూమేశ్ నీళ్ళ కేసులు మోసుకుంటూ వెళ్తున్నాడు. నిర్మల్‌వాడు, యాభై ఏళ్ళ మనిషి, కిందటేడే వచ్చాడు. అబద్ధం అనేది వాడి నోట పుట్టదు, అదే వాడి జబ్బు.

"నువ్వు కూడా తెలుగేనా? ఇది చదువు," అని కెప్టెన్ హిందీలో అడిగి, లింబాద్రన్న తన కోసం తీసి పక్కన పెట్టిన ప్యాంటు అందించాడు.

నేను కళ్ళతో సైగ చేశాను. దగ్గాను. కాలు తొక్కుదామంటే దూరంగా ఉన్నాడు. భూమేశ్ కేసులు దించి, చేతులు తుడుచుకుని, బళ్ళో పిల్లాడిలా నిలబడి కూడబలుక్కుని చదివాడు. చదివి, సార్‌కి అర్థం కావాలని పెద్దగా హిందీలో చెప్పాడు: "కద్దూ, సాబ్! గుమ్మడికాయ!"

కెప్టెన్ ఖల్ఫాన్‌కి హిందీ బాగా వచ్చు.

లింబాద్రన్న లేచి నిలబడ్డాడు. నా మీద తొయ్యలేదు, భూమేశ్ మీద కోప్పడలేదు. టేపు మెళ్ళోంచి తీసి మిషను మీద పెట్టాడు. హిందీలోనే చెప్పాడు, నేను ఆయన మాటల్లోనే రాస్తున్నాను.

"అవ్ సాబ్. గుమ్మడికాయనే. నేనే రాసిన. ఆ దినం గుండు కొట్టించుకొని నా డబ్బాలకు అచ్చినవ్. నడుం నలభై రెండు. టేపు ఏస్తుంటే ఏడుస్తున్నవ్, ఏడుస్తలేనని చెప్తున్నవ్. గుండ్రంగ, గుమ్మడికాయ లెక్క నిలబడ్డవ్. పదహారు వారాలల్ల ఎనిమిది ఇంచులు తగ్గినవ్. మూడు తాపలు బిగించిన. గుడ్డ కొయ్యమని షాహబాజ్ లొల్లి. నేను కొయ్యలే."

"ఎందుకు కొయ్యలేదు?" అన్నాడు కెప్టెన్. గొంతు కటువుగానే ఉంది.

"ఇంట్ల అమ్మ ఉన్నదన్నవ్ గద సాబ్. ఆమె చేతి బుక్క తిన్నోడివి. ఇంటికి పోతే మళ్ల బలుస్తవని నాకెరుక. ఎప్పటికన్న మళ్ల నా దగ్గర్కే అస్తవని గుడ్డ దాచి పెట్టిన. పేర్లు రాసుడు తప్పే. నౌకరెట్లాగు పోయింది, ఇంకేమన్న శిక్ష ఉంటె ఎయ్యి. ఈ నలభై లాగులు అయినంక ఎయ్యి, ఇంక పదిహేడు ఉన్నయ్."

కెప్టెన్ చాలాసేపు ఆ ప్యాంటునే చూశాడు. తర్వాత తన బొజ్జ చూసుకున్నాడు. ముందు ఆయన భుజాలు కదిలాయి, తర్వాత బొజ్జ కదిలింది. ఆ మనిషి అలా నవ్వగా నేనెప్పుడూ చూడలేదండి, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. "ఇతనిది ఏంటి? నిజం చెప్పు!" అని ఇన్‌స్పెక్టరుని ముందుకు తోశాడు. ఉల్లిగడ్డ అని భూమేశ్ ప్రకటించగానే క్యాంపు దద్దరిల్లింది. ఇక పదకొండు సింహాలూ వరసగా బయటపడ్డాయి. ఒక్కొక్కరూ పక్కవాడి పేరుకి పడీపడీ నవ్వి, తన పేరు రాగానే "నాకేం సరిపోలేదు" అని అలగడం. కోడిపుంజు మాత్రం చాలా సంతోషించాడు.

నవ్వులు తగ్గాక కెప్టెన్ అడిగాడు. "నౌకరీ పోయిందన్నావు. ఎవరు తీశారు?"

"నువ్వే సాబ్. నీ సంతకమే ఉన్నది."

షాహబాజ్ కాగితం తెచ్చి చూపించాడు. తీసెయ్యాల్సిన సామాను లిస్టు అది. మిషను ఒకటి. ఇస్త్రీపెట్టె ఒకటి. టైలరు ఒకటి. కింద కెప్టెన్ సంతకం, ఆ రోజు పెట్టిన ఇరవై సంతకాల్లో ఒకటి. ఆయన ఆ లిస్టు రెండుసార్లు చదివాడు. మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మర్నాడు పరేడ్ బ్రహ్మాండంగా జరిగింది. ఒకటే తేడా. లోపల దాచిన గుడ్డకి ఎండ తగల్లేదు కదా, శిక్షణ జరిగిన ఆ నాలుగు నెలలూ పైగుడ్డ వెలిసింది, లోపలిది వెలవలేదు. కుట్లు విప్పాక ప్రతివాడి వెనకా నడుంనుంచి కిందికి ముదురాకుపచ్చ చార ఒకటి. ముందు కుర్చీల్లో కూర్చున్న పెద్దలకి ఏమీ తెలియలేదు. వెనక క్యాబిన్ మెట్ల మీద కూర్చున్న మాకు మాత్రం ఎవడు పదేళ్ళల్లో ఎంత తిన్నాడో చార వెడల్పు చూస్తే తెలిసిపోతోంది. అందరికంటే వెడల్పు చార కెప్టెన్‌ది. లింబాద్రన్న ఆ చారల్ని చూస్తూ కూర్చుని, "కుట్టు మాత్రం సక్కగ అచ్చింది తమ్మీ" అన్నాడు.

ముప్పయ్యో తారీకున కెప్టెన్ స్వయంగా క్యాబిన్‌కి వచ్చాడు. రబ్బరు ప్యాంట్లు ఆపడం తన చేతుల్లో లేదన్నాడు. కానీ ఇకమీదట పాతబ్యాచ్‌లని ఒకటొకటిగా ఏటా నవంబర్లో పిలుస్తారు, వాళ్ళందరివీ పాత యూనిఫాంలే. "ఈ కుర్రాళ్ళంతా రిజర్వు. ఇంట్లో ఉంటారు, పిలిస్తే రావాలి. నిన్ను కూడా రిజర్వులో రాయించాను. కంపెనీతో మాట్లాడాను, వీసా టిక్కెట్టు వాళ్ళవే."

లింబాద్రన్న గబుక్కున లేచాడు. "పిలిస్తే రావాలె?"

"రావాలి."

"రాకుంటే?"

"జైలు," అన్నాడు కెప్టెన్, మొహం గంభీరంగా పెట్టి.

బస్సులో కిష్టవ్వక్కకి ఫోన్. "ఓ కిష్టవ్వా, నన్ను మిల్ట్రీల రాసుకున్నరే!" "అరవై ఒక్కేండ్లకా? ఆళ్ళకు ఇంకెవ్వలు దొరుకుతలేరా?" అంది ఆవిడ. ఈసారి ఆయన కూడా నవ్వాడు.

ఆ ఏడాదంతా నాకు తోచలేదు. గుండీ ఊడితే పిన్నీసు పెట్టుకున్నాను. 2025 నవంబరు మూడో తారీకున బస్సెక్కేసరికి నా పక్కసీట్లో ఒక లావుపాటి మనిషి, మెళ్ళో టేపు. నేను గుర్తుపట్టలేదంటే నమ్మండి. చెంపలు వచ్చాయి, బొజ్జ వచ్చింది. కోళ్ళగూడు కట్టించుకున్నందుకు కిష్టవ్వక్క ఏడాదిపాటు ఆ కోళ్ళనే వండి పెట్టిందట.

క్యాబిన్ ముందు రెండో బ్యాచ్‌వాళ్ళు వరస కట్టి ఉన్నారు. వాళ్ళకంటే ముందు కెప్టెన్ ఖల్ఫాన్ నిలబడి ఉన్నాడు. "ముందు నీ కొలత," అని లింబాద్రన్న మెళ్ళోంచి టేపు లాగి ఆయన నడుముకే చుట్టాడు. "యల్లా, ఊపిరి వదులు! పొట్ట లోపలికి లాక్కోకు!" ముప్పై మూడు నడుం ముప్పై ఏడైంది. వరసలో ఉన్నవాళ్ళు ఈలలేశారు. లింబాద్రన్న సంచీలోంచి తన పాత ప్యాంటు తీసి తిరగేసి చూపించాడు, లోపల ఆరంగుళాలు ఉంది. తనకి కూడా దాచుకున్నాడు, ఈ మనిషి! కెప్టెన్ జేబులోంచి నల్లసిరా పెన్ను తీసి, ఆ నడుం పట్టీలోపల అరబిక్‌లో ఏదో గీకి, పెన్ను మూత పెట్టి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు.

లింబాద్రన్న ప్యాంటు పట్టుకుని నా క్లినిక్‌కి వచ్చాడు. నాకు అరబిక్ మాట్లాడ్డం కొంచెం వచ్చుగానీ చదవడం రాదు. వరసలో ఒకణ్ణి అడిగాడు. వాడు చదివి, పెదాలు బిగబట్టి, "అసద్" అన్నాడు. ఇంకొకణ్ణి అడిగాడు. అసద్. సార్జెంటు? అసద్. ఆఖరికి షాహబాజ్‌ని అడిగాడు, వాడికి ఉర్దూ వచ్చు కాబట్టి ఆ అక్షరాలు తెలుసు. పదేళ్ళు పోట్లాడినవాడు ఒక్కడైనా నిజం చెప్తాడని. షాహబాజ్ కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చదివాడు, గోడ వైపు తిరిగాడు, భుజాలు ఊగుతున్నాయి. "షేర్ హై, షేర్," అన్నాడు.

లింబాద్రన్న నా వైపు చూశాడు. "చిన్న సింహమా, పొడుగు సింహమా, అడుగు తమ్మీ."

అదేంటో ఆయనకి ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. ఆయనా గట్టిగా అడగలేదు. కుట్లు విప్పి నాలుగంగుళాలు వదిలి, రెండంగుళాలు మళ్ళీ లోపలే ఉంచి కుట్టుకున్నాడు. లాండ్రీవాడు వస్తే బట్టలన్నీ ఇచ్చాడు గానీ ఆ ప్యాంటు ఇవ్వలేదు. ఉతికితే రాత పోతుందేమోనట, కిష్టవ్వకి చూపించాలట.